పాత కారు, కొత్త ఇంజను, తేలని చట్టం

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ముంబయి కుర్లాలో పుట్టిన ప్రీమియర్ పద్మిని అంతకు దశాబ్దం పైచిలుకు ముందే ఉత్పత్తికి స్వస్తి పలికింది. నలుపు, పసుపు రంగుల పద్మిని టాక్సీలు సైతం 2023 అక్టోబర్ చివర ముంబయి వీధుల నుంచి సెలవు తీసుకున్నాయి. అయినా ఈ కార్లు పూర్తిగా కనుమరుగు కాలేదు. తండ్రి కొన్న బండిని వదులుకోలేని కొడుకులు, తొలి జీతాలతో కూడబెట్టి కొన్న కారును ఇంటి మనిషిలా చూసుకునే విశ్రాంత ఉద్యోగులు, పాత వాహనాలపై మక్కువ పెంచుకున్న యువకులు వాటిని నేటికీ నడుపుతున్నారు. అటువంటి కారు ఇంజను బోరుకు వచ్చి, బ్లాకు పగిలి, ఇక మరమ్మతుకు లొంగనప్పుడు యజమాని ఏం చేయాలి? అదే నమూనాలో కార్బురేటర్ ఇంజనును కొత్తగా కట్టించి బిగించుకోవచ్చునా? సూటిగా కనిపించే ఈ ప్రశ్నకు మన మోటారు వాహన చట్టం సూటిగా సమాధానం చెప్పడం లేదు.

ఇంజను కట్టడమంటే విడిభాగాలను కొని తెచ్చి బోల్టులు బిగించడం కాదు. బ్లాకును లేత్ కార్ఖానాకు చేర్చి సిలిండర్లను బోరు చేయించాలి. అరుగుదల హద్దు మీరితే స్లీవులు దిగవేయాలి. క్రాంక్ షాఫ్టును సానబట్టించి, తగ్గిన కొలతకు సరిపడే బేరింగులను వెతకాలి. పెద్ద బోరుకు తగిన పిస్టన్లు, రింగులు సమకూర్చుకోవాలి. హెడ్డులో వాల్వు గైడ్లు, సీట్లు మార్చాలి. అన్నీ కూర్చిన తర్వాత కార్బురేటర్ జెట్లను ఆ ఇంజనుకు అనువుగా ఎంచుకుని, ఇగ్నిషన్ టైమింగును సరిచేయాలి. మొదటి వెయ్యి కిలోమీటర్లు తొందరపడకుండా నడిపితే గాని ఆ శ్రమ ఫలించిందో లేదో తేలదు. అసలు బ్లాకే పనికిరాని పక్షంలో మరో బ్లాకుపై ఇదంతా జరగాలి. అప్పుడు ఇంజను నంబరు మారుతుంది. మెకానిక్ పని ముగిసిన ఆ ఘడియలోనే రవాణా కార్యాలయం పని మొదలవుతుంది.

ఇంజను మార్పిడి ఈ దేశానికి కొత్త సంగతి కాదు. మన మోటారు పరిశ్రమ చరిత్రలో సగం ఇంజను మార్పిళ్ల చరిత్రే. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1950ల చివర పుట్టిన అంబాసిడర్‌కు తొలుత పాతకాలపు సైడ్ వాల్వు ఇంజను ఉండేది. కొద్ది కాలానికే దాని స్థానంలో 1,489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. తర్వాత డీజిల్ రకం తోడయింది. 1990ల తొలి సంవత్సరాలలో జపాన్ కంపెనీ ఇసుజు రూపొందించిన 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను అదే శరీరంలో చోటు చేసుకుంది. బయటి రూపం దాదాపు అలాగే నిలిచింది. లోపలి గుండె మాత్రం పదేపదే మారింది.

1984లో వచ్చిన కాంటెస్సా కథ మరింత విజ్ఞానదాయకం. బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ విక్టర్ శరీరానికి అంబాసిడర్ ఇంజనును అమర్చారు. బరువైన ఆ కారును లాగడానికి ఆ ఇంజను చాలలేదు. ఇసుజు ఇంజను వచ్చిన తర్వాతనే కాంటెస్సాకు గౌరవం దక్కింది. ప్రీమియర్ కంపెనీ 1985లో ఫియట్ 124 శరీరంలో నిస్సాన్ వారి 1,171 సి.సి. కార్బురేటర్ ఇంజనును పెట్టి 118 ఎన్.ఇ.ని విడుదల చేసింది. అది మధ్యతరగతి మెప్పు పొందింది. ఇంచుమించు అదే కాలంలో మద్రాసులో తయారైన స్టాండర్డ్ 2000 మాత్రం అధునాతనమైన రోవర్ శరీరంలో దశాబ్దాల నాటి వాన్‌గార్డ్ ఇంజనును మోస్తూ వచ్చి, కొద్ది సంవత్సరాలలోనే చతికిలపడింది. శరీరానికి తగిన ఇంజనును ఎంచి, పరీక్షించి అమర్చినవారు నెగ్గారు. ఆ జాగ్రత్త తీసుకోనివారు ఓడారు.

కంపెనీలు చేసిన ఈ పనిని సామాన్యులు కూడా చేశారు. డీజిల్ చౌకగా దొరికిన రోజులలో పెట్రోలు అంబాసిడర్లకు, ఫియట్లకు డీజిల్ ఇంజన్లు బిగించడం ఊరూరా సాగింది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఈ విద్యలో ఆరితేరిన మేస్త్రీలు తయారయ్యారు. అయితే ఆ మార్పిళ్లన్నీ సవ్యంగా జరిగాయని చెప్పలేము. ముందు చక్రాలపై బరువు పెరిగినా బ్రేకులు, స్ప్రింగులు మార్చనివారున్నారు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఇంజనుకు తోచిన నంబరు చెక్కినవారూ ఉన్నారు. కోల్‌కతా మల్లిక్ బజారు, ఢిల్లీ మాయాపురి వంటి పాత సామాను సంతలలో దొరికే ఇంజను ఏ బండిదో, ఆ బండి ఎలా సంతకు చేరిందో చెప్పడం కష్టం. చట్టం కఠినం కావడానికి ఈ నేపథ్యమే కారణమని ఒప్పుకోవాలి.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఈ విషయాన్ని నియంత్రిస్తున్నది. 2000లో దానిని సవరించి బిగించారు. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదన్నది ప్రస్తుత నిబంధన. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. ఆమోదం పొందిన కిట్టును బిగించి గ్యాసుకు గాని, బ్యాటరీకి గాని వాహనాన్ని మార్చుకోవచ్చు. పదికి తగ్గకుండా రవాణా వాహనాలు గలవారికి, అదే తయారీ, అదే రకం ఇంజనును ముందస్తు ఆమోదం లేకుండా మార్చుకునే వీలును రాష్ట్ర ప్రభుత్వాలు కల్పించవచ్చు. మార్పు జరిగిన 14 రోజులలోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాలను మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన చట్ట సవరణ, అనుమతి లేని మార్పులకు ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా లేదా రెండూ విధించే వీలు కల్పించింది.

అదే తయారీ, అదే రకం అన్న మాటలు వినడానికి తేటగానే ఉన్నాయి. తయారీదారు బతికి ఉండి, ఇంజన్లు అమ్ముతున్నంత కాలం వాటితో పేచీ లేదు. తయారీదారే తలుపులు మూసినప్పుడు ఏం చేయాలన్నదే చిక్కు. అంబాసిడర్ కొలతలకే కొత్త పిస్టన్లతో, కొత్త క్రాంకుతో, వేరొక బ్లాకుపై కట్టిన ఇంజను చట్టం దృష్టిలో అదే తయారీ అవుతుందా? భాగాలు వేర్వేరు కార్ఖానాల నుంచి వచ్చినప్పుడు దానిని ఎవరి తయారీ అనాలి? దానికి నంబరు ఎవరు వేయాలి? నిబంధనలు నోరు విప్పని చోట అధికారి విచక్షణే చట్టమవుతుంది. ఒక కార్యాలయంలో సులువుగా నమోదైన ఇంజను మరొక కార్యాలయంలో నేరంగా కనబడవచ్చు. అటువంటి అనిశ్చితి దళారులకు పండుగ, నిజాయితీపరులకు దండుగ.

పురాతన వాహనాల కోసం కేంద్రం 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అది స్వాగతించదగిన చర్య. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు వింటేజ్ హోదా కల్పించి, వి.ఎ. అక్షరాలతో నంబరు పలక ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పునర్నమోదుకు అయిదు వేలు రుసుము. పది సంవత్సరాల గడువు. వాణిజ్య అవసరాలకు, నిత్య ప్రయాణాలకు ఆ వాహనాలను వాడరాదు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే వాహనం అసలు రూపంలోనే ఉండాలని, చాసిస్‌లో గాని, శరీరంలో గాని, ఇంజనులో గాని మార్పు సహా గణనీయమైన పునర్నిర్మాణం జరిగి ఉండరాదని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. యాభై ఏళ్లు తిరిగిన ఇంజనుకు పునర్నిర్మాణం జరగకుండా ఉండటమన్నది షోకేసులో నిలిపిన బండికే సాధ్యం. పైగా 50 ఏళ్లు నిండని కార్లకు ఈ హోదా అందదు. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన మారుతి 800లలో మొట్టమొదటిది కూడా 2033 దాకా వేచి ఉండవలసిందే. అంతవరకు అది చట్టం కంటికి పాతబడిన మామూలు కారు మాత్రమే.

ప్రభుత్వ విధానాల మధ్య గల పరస్పర వైరుధ్యం ఇంధనం విషయంలో మరింత కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. పాత ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలుకు రూపొందినవి. ఆ సీసమే వాల్వు సీట్లకు కవచంగా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మకంలో ఉన్నది. ప్రజారోగ్యం దృష్ట్యా అది మేలైన నిర్ణయం. కాని గట్టి లోహంతో చేసిన సీట్లు వేయించని పాత హెడ్డులలో ఎగ్జాస్టు వాల్వులు క్రమంగా సీట్లలోకి కుంగిపోతాయి. అందుచేత ఈ పాతికేళ్లలో బుద్ధిమంతులైన యజమానులందరూ హెడ్డులలో మార్పులు చేయించుకున్నవారే.

ఇప్పుడు ఇథనాల్ వంతు వచ్చింది. 2030 నాటికి చేరాలనుకున్న 20 శాతం మిశ్రమ లక్ష్యాన్ని ప్రభుత్వం 2025కే ముందుకు జరిపి, దానిని అందుకుంది. ముడిచమురు దిగుమతుల బిల్లు తగ్గించడం, చెరకు, మొక్కజొన్న రైతులకు గిరాకీ కల్పించడం ఈ విధానం ఉద్దేశాలు. వాటిని తప్పు పట్టవలసిన పనిలేదు. కాని పాత కార్బురేటర్‌కు ఈ మిశ్రమం పరాయిది. కార్బురేటర్ గాలి వేగం సృష్టించే పీడనంతో, జెట్టు రంధ్రం అనుమతించినంత ఇంధనాన్ని మాత్రమే పీల్చి పంపుతుంది. పొగలో ఎంత ప్రాణవాయువు మిగిలిందో కనిపెట్టి పాళ్లు సరిదిద్దుకునే సెన్సర్ దానికి లేదు. శుద్ధ పెట్రోలు కిలో పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు తొమ్మిది కిలోలు చాలు. కాబట్టి పాత జెట్టుతో కొత్త మిశ్రమాన్ని వాడితే ఇంధనం చాలక, గాలి మిగులుతుంది. ఇంజను వేడెక్కుతుంది, ఎత్తులో తడబడుతుంది. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు, బెండు గాస్కెట్లు ఉబ్బి చెడిపోతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది గనుక ఎక్కువ కాలం కదలకుండా నిలిపిన బండి ట్యాంకు తుప్పు పట్టే ప్రమాదమూ ఉంది. పాత వాహనాల రక్షణకు పది శాతం మిశ్రమాన్ని కూడా అందుబాటులో ఉంచాలని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన మార్గసూచి పేర్కొన్నది. ఆ సలహాకు కార్యరూపం ఇవ్వవలసిన బాధ్యతను ప్రభుత్వం విస్మరించింది.

ఫలితం ఏమిటి? ఇంజనును అసలు రూపంలోనే ఉంచాలని ఒక శాఖ శాసిస్తున్నది. అసలు రూపంలోని ఇంజను బతకలేని ఇంధనాన్ని మరొక శాఖ బంకులలో నింపుతున్నది. గట్టి వాల్వు సీట్లు, ఇథనాల్‌ను తట్టుకునే సీళ్లు, పెద్ద జెట్లు ఉన్న కొత్త కార్బురేటర్ ఇంజను నేటి ఇంధనానికి అనుగుణమైన బాధ్యతాయుత నిర్మాణం. దానిని అనుమానంతో చూడటం న్యాయం కాదు.

దీనికి ఎదురువాదన లేకపోలేదు. అది బలహీనమైన వాదన కూడా కాదు. కార్బురేటర్ ఇంజను ఎంత కొత్తదైనా, ఎంత నేర్పుతో కట్టినా, కంప్యూటర్ నియంత్రణ, మూడంచెల కెటలిటిక్ కన్వర్టర్ గల నేటి ఇంజనుతో పరిశుభ్రతలో పోటీ పడలేదు. కాలుష్య తనిఖీలోనే ఆ తేడా కనిపిస్తుంది. భారత్ స్టేజ్ ప్రమాణాలకు ముందునాటి నాలుగు చక్రాల పెట్రోలు వాహనాలకు నిలకడ వేగంలో మూడు శాతం దాకా కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమతిస్తారు. తర్వాతి తరం వాహనాలకు ఆ హద్దు అర శాతమే. ఢిల్లీలో చలికాలం వచ్చిందంటే పిల్లల ఊపిరితిత్తులు ఎంత యాతన పడుతున్నాయో ఏటా చూస్తూనే ఉన్నాము. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదన్న హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో ఈ వివాదం మళ్లీ అదే న్యాయస్థానం గడప తొక్కింది. ఒక కుటుంబం జ్ఞాపకాల కోసం ఊరంతా పొగ పీల్చాలని ఎవరూ అనరు.

కాని ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోలేము. నెలకు రెండు మూడు సార్లు ఆదివారం పూట బయటికి తీసే పాత కారును, రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగే పాత టాక్సీని ఒకే గాటన కట్టడం సబబు కాదు. పైగా అరిగిపోయిన ఇంజను నూనెను మండిస్తూ నీలిపొగ కక్కుతుంది. సక్రమంగా కట్టిన కొత్త ఇంజను అంత పొగ వదలదు. మార్పిడికి దారి మూస్తే పాత ఇంజను అలాగే పొగ చిమ్ముతూ నడుస్తుంది, లేదా దొడ్డిదారిన ఏదో ఒక ఇంజను వచ్చి చేరుతుంది. రెండింటిలో ఏదీ పర్యావరణానికి మేలు చేయదు.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా విడదీశాయో పరిశీలించడం అవసరం. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన వాహనాలకు 2018 మే నుంచి వార్షిక తనిఖీ మినహాయింపు ఉంది. గత 30 ఏళ్లలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదన్నది షరతు. అయితే అదే మౌలిక ఇంజను వేరే సామర్థ్యంతో ఉన్నా, ఆ నమూనాకు తయారీదారు ప్రత్యామ్నాయంగా ఇచ్చిన ఇంజను అమర్చినా దానిని గణనీయమైన మార్పుగా లెక్కించరు. జర్మనీ 30 ఏళ్లు దాటిన వాహనాలకు నంబరు పలక చివర హెచ్ అక్షరం ఇచ్చి, ఆ కాలానికి చెందిన మార్పులను నిపుణుల పరీక్షపై అంగీకరిస్తుంది. పొరుగున శ్రీలంక అనుభవం మరో పాఠం. విదేశీ మారకం కొరతతో 2020లో వాహనాల దిగుమతిని ఆపిన ఆ దేశం ప్రైవేటు కార్లకు 2025 ఫిబ్రవరిలో గాని తలుపులు తెరవలేదు. ఆ అయిదేళ్లు అక్కడి ప్రజలు ఉన్న బండ్లనే బాగు చేసుకుని కాలం గడిపారు. బాగుచేసే విద్య దేశంలో మిగిలి ఉండటం ఎంత అవసరమో అటువంటి గడ్డుకాలంలోనే తెలుస్తుంది.

మన దగ్గర ఆ విద్య క్రమంగా అంతరిస్తున్నది. చెవితో విని టాపెట్ సందును, పొగ రంగు చూసి మిశ్రమాన్ని చెప్పగల మేస్త్రీలు ముసలివారయ్యారు. 2000 ప్రాంతంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ రాజ్యమేలడం మొదలైన తర్వాత వచ్చిన కుర్రవారు కంప్యూటర్ తెర చూసి లోపం పట్టడంలో నేర్పరులు. కార్బురేటర్ విప్పే అవసరం వారికి రాలేదు. పాత ఇంజను కట్టడం చట్టబద్ధమైన, గౌరవప్రదమైన వృత్తిగా నిలిస్తేనే పెద్దల చేతి పని పిన్నలకు అందుతుంది. చాటుమాటు వ్యవహారంగా మిగిలితే అది వారితోనే పోతుంది.

కేంద్ర రవాణా శాఖ చేయవలసింది పెద్ద పనేమీ కాదు. 52వ సెక్షన్ కిందనే ప్రత్యేక ప్రయోజనాలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉన్నది. ఆ అధికారాన్ని వినియోగించి, ఉత్పత్తి నిలిచిపోయిన నమూనాలకు అదే రకం ఇంజను అంటే ఏమిటో నిర్వచించాలి. ఆ నమూనాకు తయారీదారు ఏ కాలంలోనైనా అమర్చిన ఇంజన్లన్నిటినీ ఆ నిర్వచనంలో చేర్చాలి. నేటి ఇంధనానికి అవసరమైన లోపలి మార్పులను పునర్నిర్మాణంగా గాక సంరక్షణగా పరిగణించాలి. కొత్తగా కట్టిన ఇంజనుకు కట్టిన కార్ఖానా ధ్రువపత్రం, భాగాల బిల్లులు, పోలీసు రికార్డులతో సరిపోల్చిన తర్వాత రవాణా అధికారి ఇచ్చే నంబరు తప్పనిసరి చేయాలి. దొంగ ఇంజన్ల బెడదకు అదే విరుగుడు.

సౌకర్యానికి తగిన షరతులూ ఉండాలి. కొత్త కార్బురేటర్ ఇంజను అమర్చిన కారును టాక్సీగా గాని, నిత్య వాహనంగా గాని వాడరాదని, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లు మించరాదని నిర్దేశించవచ్చు. పాత ఇంజనుకు ఇచ్చే మూడు శాతం సడలింపును కొత్తగా కట్టినదానికి యథాతథంగా ఇవ్వకుండా, సాధ్యమైన మేరకు హద్దును బిగించవచ్చు. శక్తి పెరిగిన పక్షంలో బ్రేకుల పరీక్షను కూడా జతచేయాలి. ప్రతి రోజూ నడపదలచినవారికి కార్బురేటర్‌కు బదులు, పరీక్షా సంస్థల ఆమోదం పొందిన ఫ్యూయల్ ఇంజెక్షన్ లేదా విద్యుత్ కిట్టును చూపించాలి. పుణేలోని ఎ.ఆర్.ఎ.ఐ., మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలకు ఈ ప్రమాణాలు రూపొందించడం తలకు మించిన భారం కాబోదు. పది శాతం ఇథనాల్ పెట్రోలును పెద్ద నగరాలలో కొన్ని బంకులలోనైనా లభింపజేయడం చమురు కంపెనీల కనీస ధర్మం.

పాత కార్లపై రుసుములు పెంచడంలో ప్రభుత్వం ఆలస్యం చేయలేదు. పదిహేనేళ్లు దాటిన కారు పునర్నమోదు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలు చేసింది. రుసుము వసూలు చేయడమంటే ఆ వాహనం రోడ్డుపై ఉండవచ్చునని ఒప్పుకోవడమే. ఉండవచ్చునని ఒప్పుకున్నప్పుడు, ఏ ఇంజనుతో ఉండాలో కూడా చెప్పాలి. సొమ్ము పుచ్చుకునే దగ్గర స్పష్టంగా ఉన్న చట్టం, హక్కు చెప్పే దగ్గర నీళ్లు నమలడం ప్రజాస్వామ్య ప్రభుత్వానికి శోభనివ్వదు. మరో తరం మేస్త్రీలు పానా కింద పెట్టక మునుపే రవాణా శాఖ ఈ చిన్న చిక్కుముడిని విప్పుతుందని ఆశిద్దాం.